పదిహేడో లైను

ఆ మోడెమ్ గదికి మొదట్నుంచీ చెడ్డపేరేమీ లేదు. బాబాయి పోయాకే వచ్చింది.

మూడో అంతస్తులో, వరండా చివర ఉండేది ఆ గది. దుమ్ము పడకూడదని కిటికీలకు చెక్కలు కొట్టేశారు. లోపల ఇనప అరల్లో ఇరవై నాలుగు మోడెములు, ఒక్కోదానికి ఒక్కో ఫోను లైను. చుట్టుపక్కల ఎవరు తమ ఇంట్లో కంప్యూటరు నుంచి నెట్టు కలిపినా ఆ పిలుపు వచ్చి ఇక్కడ ఏదో ఒక మోడెముకి తగులుకునేది, దాని ముందు పచ్చలైటు వెలిగేది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను లైనూ నెట్టుకే పోయేది కాబట్టి నెట్టు నడుస్తున్నంతసేపూ ఆ ఇంటికి ఎవరు ఫోను చేసినా ఎంగేజే. ఇక పాట పెడితే నాలుగు ముక్కలు వినిపించి ఆగిపోయేది. ఫొటో తెరిస్తే పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. నుదురు వచ్చాక ముక్కు వచ్చేలోపు లేచి వెళ్ళి టీ కాచుకుని రావచ్చు. నవ్వకండి, దానికే మురిసిపోయిన రోజులవి.

ఆ వైర్లన్నీ తన చేత్తో లాగినవాడు బాబాయి. మేనేజరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన బాబాయే. ఎడమ బొటనవేలికి ఎప్పుడూ నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టుకుని ఉండేవాడు. "దెబ్బ తగిలిందా బాబాయ్?" అంటే, "తగలబోయే దెబ్బకి ముందే కట్టుకున్నా" అనేవాడు.

ఏడాది కిందట ఒక రాత్రి, ఆయన లోపల ఉండగా కరెంటు పోయింది.

ఆ తలుపుది కరెంటు తాళం. మోడెములకు బ్యాటరీ పెట్టారు గానీ తాళానికి పెట్టాలని ఎవరికీ తట్టలేదు. పైగా ఆ గదికొక నియమం ఉంది. చెప్పులు, సంచీ, జేబులో సామానుతో సహా అన్నీ బయట బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళాలి — దుమ్ము! అలా ఆయన గుండె మాత్రలు కూడా బల్ల మీదే ఉండిపోయాయి.

తెల్లారి తలుపు తెరిచేసరికి... గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో టార్చిలైటు. చేతిలో కాగితం. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో రెండే మాటలు — తలుపు తీయండి.

గదిలో ఒక మూల చిన్న కెమెరా ఉండేది. నిమిషానికొక ఫొటో తీసి నెట్టులో ఒక పేజీలో పెడుతుంది. ఇంజినీర్లు ఇంటి నుంచే లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోవడానికి పెట్టినది. పాపం, ఆ కాగితం దానికి చూపించినట్టున్నాడు. అర్ధరాత్రి పూట ఆ పేజీ ఎవడు చూస్తాడు?

ఆ తర్వాత వారం తిరక్కుండానే మొదలైంది పదిహేడో లైను గోల.

ఆ లైను నంబరు కస్టమర్లెవరికీ ఇవ్వలేదు. పరీక్షల కోసమని బాబాయి విడిగా పెట్టుకున్నది. మిగతా మోడెములన్నిటికీ నోరు కట్టేసి, దాని స్పీకరు ఒక్కటే ఉంచాడు. అలాంటిది, రాత్రి పదకొండు కాగానే ఎవరూ ముట్టుకోకుండా అది — క్రీ...చ్... ఖర్ర్‌ర్... — అని అరిచి లైటు వెలిగించుకునేది. తెల్లవార్లూ వెలిగి, వెలుగు రాగానే ఆరిపోయేది. ఎవరా అని చూస్తే 'టెస్టు' అని తప్ప పేరుండదు.

"వెలిగితే వెలగనీండి, మన నెత్తిన పడిందా?" అని మేనేజరు చేతులు దులుపుకున్నాడు.

వాచ్‌మన్ మాత్రం తెగేసి చెప్పేశాడు. "పదకొండు దాటాక నన్ను మూడో అంతస్తు ఎక్కమంటే ఉద్యోగం మానేస్తానండీ. బాబాయిగారు ఇంకా డ్యూటీ దిగలేదు."

ఇక ప్లగ్గమ్మ సంగతి. ఇదంతా ఆవిడ నోట విన్నదే.

కస్టమర్ల ఫోన్లు ఎత్తడం, చెడిన లైన్లు చూడటం ఆవిడ పని. ఎవరు ఫోను చేసి ఏం ఏడ్చినా ఆవిడ మొదట అడిగే ప్రశ్న ఒకటే — "ప్లగ్గు పెట్టారా అండీ?" పదిమందిలో ఆరుగురు పెట్టి ఉండేవారు కాదు. ఆ పేరు అలా వచ్చింది. మనిషి ధైర్యస్థురాలే గానీ ఉబ్బసం ఉంది. ఇన్‌హేలరు లేకుండా వీధి చివరి దాకా కూడా వెళ్ళదు.

మోడెములకు కాలం చెల్లింది, కొత్త కేబులు వచ్చింది. గది మూసేయాలి. నెట్టు వాడేవాళ్ళు తక్కువగా ఉండేది రాత్రే కాబట్టి, రాత్రికి రాత్రి లైన్లు ఒక్కొక్కటే తీసేయమని ఆ పని ప్లగ్గమ్మకు అప్పగించారు.

పదకొండుకు ముందే వచ్చింది. చెప్పులు, సంచీ బల్ల మీద పెట్టింది. సంచీలో సెల్‌ఫోను, సెల్‌ఫోను పక్కన ఇన్‌హేలరు. బాబాయి పోయాక పెట్టిన కొత్త జాగ్రత్త ప్రకారం తలుపుకు ఇటుక అడ్డంపెట్టింది. చేత్తో తిప్పే తాళంచెవి ఒకటి వాచ్‌మన్ దగ్గర ఉంచారు, అది కూడా ఆ జాగ్రత్తలో భాగమే.

అరల వెనక చీకటిగా ఉంది. దీపం పెట్టుకుందామంటే సాకెట్టు ఖాళీ లేదు. చెయ్యి పెట్టి తడిమి, చేతికి తగిలిన చిన్న నల్ల ప్లగ్గొకటి లాగేసి, దీపం ప్లగ్గు అక్కడ పెట్టింది. అది దేనిదో చూడలేదు. 'ఏదో పాతదిలే' అనుకుంది.

ఒకటో లైను... రెండోది... మూడోది...

పదకొండయింది.

క్రీ...చ్... ఖర్ర్‌ర్...

ప్లగ్గమ్మ చేతిలో స్క్రూడ్రైవరు కిందపడింది. పదిహేడో లైటు వెలిగింది. వినడం వేరు, పక్కన నిలబడి చూడటం వేరు.

'నీ జోలికి చివర్లో వస్తాలే' అనుకుని పదహారు దాకా తీసి, పద్దెనిమిదికి దూకింది. కానీ మనసు నిలవడం లేదు. వెనక తెరిచి ఉన్న తలుపు. దాని అవతల పొడుగాటి వరండా. అక్కడి నుంచి ఎవరో తననే చూస్తున్నట్టు... తిరిగి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ వంగితే మళ్ళీ అదే.

ఆఖరికి ఉండబట్టలేక, కాలితో ఇటుకను జరిపి తలుపు వేసేసుకుంది. దెయ్యానికి భయపడి దెయ్యం గదిలోనే గడియ వేసుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? భయం అలాంటి తెలివితేటలే ఇస్తుంది.

ఒంటిగంట నలభైకి కరెంటు పోయింది.

ఏసీ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. కంప్యూటరు తెర నల్లబడింది. బ్యాటరీ మీద ఉన్నవి మాత్రం నడుస్తున్నాయి — పదిహేడో మోడెము, ఒకటి రెండు పెట్టెలు, ఆవిడ దీపం.

తలుపు మీట నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. గుంజింది. భుజంతో గుద్దింది...

తలుపుకు అరచేయంత అద్దం ఉంది, లోపల తీగ వేసిన మందపాటి అద్దం. అందులోంచి చూస్తే బల్ల మీద తన సంచీ. జనరేటరు ఒక్క మెట్ల దీపాలకే, ఆ వెలుగులో దాని జిప్పు కూడా కనపడుతోంది. రెండడుగుల దూరం. స్క్రూడ్రైవరుతో పొడిచింది. అద్దం మీద గీత పడింది, అంతే.

"అన్నా! వాచ్‌మన్ అన్నా! తలుపు బిగుసుకుపోయింది... పైకి రా అన్నా!"

కింద జనరేటరు మోత. వినపడినా వస్తాడా? మూడో అంతస్తు నుంచి అర్ధరాత్రి ఎవరో తలుపు బాదుతూ పిలుస్తుంటే, ఆయన దుప్పటి ముసుగేసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు గానీ మెట్లెక్కుతాడా?

పావుగంటలో గది వేడెక్కింది. అరగంటకు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి సగం దాకా వచ్చి ఆగుతోంది. బాబాయి కూర్చున్న చోటే తాను కూర్చున్నానని గోడ చల్లదనం వీపుకు తగిలాక గుర్తొచ్చి ఉలిక్కిపడి లేచింది. చచ్చిపోతానన్న మాట అప్పుడు మొదటిసారి మనసులోకి వచ్చింది.

దీపం వెలుగు అరల వెనకే, ఇటు చీకట్లో పదిహేడో లైటు ఒక్కటే. ఈ గదిలో గాలంతా అదే తాగేస్తోందనిపించింది. లేచి వెళ్ళి దాని తీగ పట్టుకుంది. ఒక్క గుంజు గుంజితే...

అప్పుడు చూసింది. లైటు ఊరికే వెలగడం లేదు. ఉన్నట్టుండి గబగబా కొట్టుకుంటోంది, మళ్ళీ నిలకడగా ఉంటోంది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. యాభై ఎనిమిది... యాభై తొమ్మిది... అరవై. మళ్ళీ కొట్టుకుంది.

నిమిషానికొకసారి.

ఈ గదిలో నిమిషానికొకసారి బయటికి వెళ్ళేది ఒకటే — కెమెరా ఫొటో.

ఎవరో చూస్తున్నారు!

ఎవరు? అది మాత్రం ఆలోచించదలుచుకోలేదు. తీగ వదిలేసింది. లైన్ల పట్టిక వెనక్కి తిప్పి, మార్కరుతో 'ఊపిరి ఆడట్లేదు, కాపాడండి' అని రాసింది. దీపం తన వైపు తిప్పుకుని, కెమెరా ఎదుట నిలబడి కాగితం తలపైకి ఎత్తింది.

"బాబాయ్... నువ్వే అయితే నువ్వే..." గొంతు రావడం లేదు. "ఎవరైనా సరే... చూడండి..."

లైటు కొట్టుకుంది. నిమిషం. మళ్ళీ కొట్టుకుంది. చేతులు లాగేస్తున్నాయి. దించితే ఆ నిమిషమే ఫొటో పడుతుందేమోనని దించలేదు. ఏడు సార్లు... ఎనిమిది...

రెండు నలభైకి పదిహేడో లైటు ఆరిపోయింది.

ఏడాదిలో ఏనాడూ తెల్లారకుండా ఆరనిది. ఉన్న ఒక్క దిక్కూ పోయింది.

ప్లగ్గమ్మ కాగితం వదిలేసింది. నేల మీద పడి చూస్తుంటే దీపం తీగ కనపడింది. దాని వెంటే చూపు సాకెట్టు దాకా వెళ్ళింది. సాకెట్టు కింద తాను లాగి పడేసిన నల్ల ప్లగ్గు. ఆ ప్లగ్గు తీగ... అరల వెనక నుంచి పైకి... ఇంకా పైకి... గోడ మూలకి...

కెమెరాలోకి.

పదకొండు గంటల నుంచీ కెమెరా ఆగిపోయి ఉంది. ఇంతసేపూ గుడ్డి కెమెరా ముందు నిలబడింది. ప్లగ్గు పెట్టారా అండీ! నవ్వొచ్చింది, నవ్వడానికి ఊపిరి లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు.

పరుగెత్తుకొస్తున్న అడుగులు... చెప్పుల్లేని అడుగులు... తలుపు దగ్గర ఆగాయి. తాళం తిరిగింది.

గుమ్మంలో ఒక ఆడమనిషి. జుట్టు విడిపోయి ఉంది. వెనకాల వాచ్‌మన్. ఆవిడ ప్లగ్గమ్మను దాటుకుని లోపలికి దూసుకొచ్చింది. అరల వెనక చూసింది. గోడ పక్కన చూసింది.

"ఆయనేరీ?"

 ప్లగ్గమ్మ పాక్కుంటూ బయటికి వెళ్ళి సంచీలో చెయ్యి పెట్టింది.

"ఆయనేరీ?" అంటోంది లోపల ఆవిడ. "ఇప్పుడే చూశాను... ఇక్కడే నిలబడున్నారు..."

ఇన్‌హేలరు రెండుసార్లు పీల్చాక గానీ ప్లగ్గమ్మ గుర్తుపట్టలేదు. ఆవిడ బాబాయి భార్య. ఆయన పోయిన రోజు ఒక్కసారి చూసింది.

ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. "పిన్నిగారు వచ్చి, ఆయన లోపలున్నారు, తాళంచెవి తీసుకుని రా అంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదమ్మా," అన్నాడు వాచ్‌మన్. "రాకపోతే కొట్టేలా ఉంది. దెయ్యం కన్నా పిన్నిగారికే ఎక్కువ భయపడి వచ్చా."

పిన్ని గొంతు బాగా తగ్గించి చెప్పింది. "రాత్రి డ్యూటీ ఉంటే ఆ పదిహేడో నంబరుకి కలపమనేవారు. కెమెరా పేజీ తెరిచి కూర్చునేదాన్ని. రోజూ ఏదో ఒకటి కాగితం మీద రాసి చూపించేవారు. ఒకరోజు 'నన్ను జైల్లో పెట్టారు'. ఒకరోజు 'బెయిలు పంపు'. నేనింట్లో నవ్వుతున్నట్టు ఆయనకెలా తెలుస్తుంది, అయినా ఆయన కూడా నవ్వేవారు."

పిన్ని కొంగుతో పాదాల మట్టి తుడుచుకుంది.

"ఆ రాత్రి మాత్రం... నేను అసలు కలపలేదమ్మా. మా అక్క ఆస్పత్రిలో ఉంది, ఫోను వస్తుందని లైను ఖాళీగా ఉంచాను. ఒక్క రాత్రి. అప్పట్నుంచీ ఒక్క రాత్రీ మానలేదు. ఎవరి ఫోనూ రానివ్వను. మా అక్క కూడా చేసి చేసి విసిగిపోయింది, ఎప్పుడూ ఎంగేజే అని."

"మరి ఇవాళ?"

"పదకొండు నుంచీ ఫొటో రానే లేదు. ఖాళీ చట్రం. పోనీలే, వస్తుందేమోనని కూర్చున్నా. రెండున్నర దాటాక దిగడం మొదలుపెట్టింది. ముందు గోడ వచ్చింది. తర్వాత కాగితం. తలుపు తీయండి అని... కింద వేళ్ళు... బొటనవేలికి టేపు. ముఖం వచ్చేదాకా నేనాగలేదు తల్లీ, పక్క వీధే కదా, పరుగెత్తుకొచ్చేశా."

 ప్లగ్గమ్మకు వెంటనే సంగతి అర్థమైంది. గదిలో ఇంకో కంప్యూటరు ఉంది. అందరూ దాపుడు పెట్టె అంటారు. ఎవరైనా ఒక ఫొటో చూస్తే దాని నకలు దాచుకుంటుంది. అసలు దొరకనప్పుడు ఆ నకలు ఇచ్చేస్తుంది, ఒకసారి విన్న కబురు మళ్ళీ కనుక్కోకుండా చెప్పేసే పక్కింటావిడలాగా.

"పాత ఫొటో పిన్నీ అది. కెమెరా ప్లగ్గు నేనే పీకేశాను. పెట్టెలో దాచి ఉన్నది బయటికొచ్చింది, అంతే."

పిన్ని ఆవిడ వైపు అదోలా చూసింది. "దాచి ఉందా?" అని మాత్రం అంది.  వాచ్‌మన్ చెప్పులు అరువడిగి తొడుక్కుని ఇంటికి వెళ్ళిపోయింది.

తెల్లవారుజామున కరెంటు వచ్చింది. ఈసారి రెండు ఇటుకలు అడ్డంపెట్టి ప్లగ్గమ్మ లోపలికి వెళ్ళింది. దాపుడు పెట్టె తెరిచి వెతికింది. వేల ఫొటోలున్నాయి, బాబాయి ఉన్నప్పటివి ఎప్పుడో చెరిగిపోయి, మిగిలినవన్నీ ఖాళీ గది ఫొటోలే. వాటిలో అదొక్కటీ దొరికింది. టార్చి వెలుగులో కాగితం, టేపు చుట్టిన వేలు, కింద బాబాయి ముఖం. ఇన్ని వేలల్లో ఆ పెట్టె ఇదొక్కటే ఎందుకు తీసి ఇచ్చిందో ఇప్పటికీ ప్లగ్గమ్మ దగ్గర జవాబు లేదు.

కానీ అసలు సంగతి అది కాదు.

ఆ పెట్టె దాచుకునేది ఎవరో ఒకరు చూసిన ఫొటోనే. ఎవరూ చూడనిది దాని దగ్గర ఉండనే ఉండదు. చూసింది ఏ లైనో, ఎప్పుడో పక్కనే రాసి పెట్టుకుంటుంది కూడా.

తేదీ — బాబాయి పోయిన రాత్రి. సమయం — రెండూ పది. లైను — పదిహేడు.

పిన్ని ఆ రాత్రి కలిపింది. చూసింది. తలుపు తీయండి అని ఉన్న కాగితం చూసి, రోజూలాగే హాస్యమనుకుని నవ్వుకుని, అక్క ఫోను వస్తుందని లైను ఆపేసింది.

ప్లగ్గమ్మ ఆ వరస మళ్ళీ మొదట్నుంచి చదివింది. తాను ఒక గంటసేపు ఇరుక్కున్న గదిలో ఆవిడ ఏడాదిగా ఇరుక్కుని ఉంది. ఆ ఫొటోనూ, దాని పక్కన రాసి ఉన్న ఆ వరసనూ చెరిపేసింది. ఆ సంగతి చాలా ఏళ్ళ దాకా, పిన్ని ఉన్నంతకాలం, ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మేనేజరుతో, "ఇరవై మూడు లైన్లు తీసేశాను. పదిహేడు ఇంకొన్నాళ్ళు ఉండాలి, పరీక్షలున్నాయి" అంది. మూడో అంతస్తు అన్న మాట వింటేనే మొహం తిప్పుకునే మనిషి, సరేనన్నాడు.

ఆ రాత్రి పదకొండుకు ముందే ప్లగ్గమ్మ ఆ గదికి వెళ్ళింది. కెమెరా ప్లగ్గు పెట్టింది. ఒకసారి గుంజి చూసి, గట్టిగా నొక్కింది. కెమెరాను తలుపు వైపు తిప్పింది. తలుపు బార్లా తెరిచి, ఇటుక పెట్టి, ఆ ఇటుక పక్కన గుమ్మంలో నిలబడింది.

క్రీ...చ్... ఖర్ర్‌ర్...

పచ్చలైటు వెలిగింది. ప్లగ్గమ్మ కాగితం పైకెత్తింది.

'తలుపు తీసే ఉంది పిన్నీ. పడుకో.'

లైటు గబగబా కొట్టుకుంది. ఫొటో గీత గీతగా దిగుతూ ఉంటుంది అక్కడ. ముందు గుమ్మం పైకమ్మి... తర్వాత కాగితం... చేతులు... ముఖం... చివర్న ఇటుక. అంతా దిగే దాకా చేతులు దించలేదు.

లైటు వెలుగుతూనే ఉంది. ఇంకా వెలుగుతూనే ఉంది...

పదకొండుంబావుకి ఆరిపోయింది.

ప్లగ్గమ్మ వరండాలోకి వచ్చి, బల్ల మీది సంచీలోంచి సెల్‌ఫోను తీసి, బాబాయి ఇంటి నంబరు నొక్కింది. ఏడాదిగా రాత్రిపూట ఎవరు చేసినా ఎంగేజే వచ్చిన నంబరు అది.

రింగవుతోంది. రెండో రింగుకే ఎత్తారు.